మిట్టమధ్యాహ్నం ఆగిపోతున్న సోలార్ ఇన్వర్టర్: లైను చివరి ఇంటికి హై వోల్టేజి ఎందుకు వస్తోంది?

ప్రశ్న (డెల్టా రైతు)

అందరికీ నమస్కారం. మాది కృష్ణా డెల్టాలో కాలువ చివరి ఊళ్లలో ఒకటి. పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ పోగా మిగిలిన సొమ్ముకు బ్యాంకులో అప్పు తీసుకుని, నిరుడు మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నాను. మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. మా వీధిలో మరో నలుగురు కూడా పెట్టించుకున్నాక, ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి, పగలు పదకొండుకూ రెండుకూ మధ్య, అంటే ప్యానెళ్లు నిండుగా పనిచేయవలసిన వేళలోనే, ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగిపోతోంది.

మొన్న ఆదివారం దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెర మీద వోల్టేజి 249, 251, 252 అని ఎక్కుతూ వచ్చి, 253 దాటిన మరుక్షణం లోపలి రిలే టక్కుమని, ఎర్రదీపం వెలిగి, గ్రిడ్ ఓవర్ వోల్టేజి అని కనిపించింది. ఒక నిమిషం పైచిలుకు ఆగి తనంతట తానే మళ్లీ లైనుకు కలిసింది. అయిదారు నిమిషాలు గడవగానే మళ్లీ అదే వరస. గోడ అవతల పక్కింటివారి ఇన్వర్టర్ కూడా ఇంచుమించు మాతోపాటే ఆగి, మాతోపాటే మొదలవుతోంది.

నాకు అందిన కొలతలు ఇవి. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ 160 కేవీఏ. అక్కడి నుంచి మా స్తంభం 300 మీటర్ల దూరం, లైనుకు అదే చివరి స్తంభం. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చిన సర్వీసు వైరు 40 మీటర్లు, 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం. మధ్యాహ్నం మా ఇన్వర్టర్ ఆపి చూస్తే మీటరు దగ్గర 246 వోల్టులు ఉన్నాయి. ఇన్వర్టర్ నడుస్తుండగా లైన్‌మన్ స్తంభం దగ్గర, మా మిస్త్రీ మీటరు దగ్గర ఒకే క్షణంలో కొలిస్తే అక్కడ 250, ఇక్కడ 254 వచ్చాయి. అదే లైనులో రాత్రి పది గంటలకు 221 మాత్రమే ఉంటోంది.

లైను చివర ఇల్లంటే లో వోల్టేజి అనే నేను పుట్టినప్పటి నుంచీ విన్నాను. ఇప్పుడు అదే చివరి ఇంటికి హై వోల్టేజి రావడం ఏమిటో అంతుపట్టడం లేదు. ఇన్వర్టర్ బిగించినవారు ఆగే హద్దును 270 వోల్టులకు పెంచేస్తే సరిపోతుందంటున్నారు. పెంచవచ్చునా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (విశ్రాంత ఏడీఈ, అంటే విద్యుత్ సంస్థ అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరు)

రైతుగారూ, స్తంభం దగ్గరా మీటరు దగ్గరా ఒకేసారి కొలిపించడం చాలా మంచి పని. సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోయింది. ముందుగా ఒక మాట: హద్దును 270కి పెంచనివ్వకండి. ఆ వోల్టేజి మీ ఇన్వర్టర్ ఒక్కదానికే పరిమితం కాదు; మీ ఫ్రిజ్జుకూ, పక్కింటివారి టీవీకీ, సోలార్ లేని ఎదురింటివారి ఫ్యానుకూ అదే వోల్టేజి పోతుంది. పంపిణీ లైనుకు కలిసే ఉత్పత్తి పరికరాల విషయమై కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో తెచ్చిన నిబంధనల ప్రకారం, వోల్టేజి నిర్ణీత విలువలో 110 శాతం దాటినా, 80 శాతం కంటే పడిపోయినా, రెండు సెకన్లలోగా ఇన్వర్టర్ లైను నుంచి విడిపోవాలి. సరఫరా కుదుటపడి కనీసం 60 సెకన్లు నిలకడగా ఉంటేనే మళ్లీ కలవాలి. 230కి 110 శాతం అంటే 253. మీరు విన్న ఆ టక్కుమనే చప్పుడు, ఆ నిమిషం విరామం ఈ నిబంధనకు లోబడి జరుగుతున్నవే. ఇన్వర్టర్‌లో లోపమేమీ లేదు.

ఇక చివరి ఇంటికే ఎందుకన్నది. మీరు డెల్టావారు కనుక కాలువ సంగతి చెబితే తేలిగ్గా తెలుస్తుంది. చివరి భూములకు నీరు అందదని తలతూము దగ్గర మట్టం కాస్త ఎక్కువగా ఉంచి వదులుతారు కదా. మన ట్రాన్స్‌ఫార్మర్లను కూడా అదే లెక్కతో తయారు చేశారు. వాటి మీద 11 కేవీ/433 వోల్టులు అని రాసి ఉంటుంది (కేవీ అంటే వెయ్యి వోల్టులు). 433 వోల్టులంటే ఒక్కో ఫేజుకు (కరెంటు తెచ్చే మూడు తీగల్లో ఒక్కోదానికి), న్యూట్రల్‌కు (తిరుగు తీగకు) మధ్య 250. లోడు లేనప్పుడు 250 ఇచ్చి, సాయంత్రం అందరూ దీపాలూ మోటార్లూ వేసుకున్నాక దారిపొడవునా తరిగిపోగా, చివరి ఇంటికి 220 అయినా దక్కాలన్నది ఆనాటి ఆలోచన. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లవైపు మాత్రమే పోయినన్నాళ్లూ ఆ ఏర్పాటు చక్కగా పనిచేసింది. ఇప్పుడు మధ్యాహ్నం వేళ చివరి ఇంటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌వైపు కరెంటు పోతోంది. పోయే దిశ తిరగబడింది కనుక, తరుగుదల ఉండవలసిన చోట పెరుగుదల వస్తోంది, అదీ ముందే ఎత్తుగా ఉంచిన మట్టం మీద. 11 కేవీ సరిగ్గా 11 ఉండి ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీగా ఉన్న రోజున, దాని కాళ్ల దగ్గర మీటరు పెట్టినా 250 చూపుతుంది. ఇన్వర్టర్ హద్దుకు మిగిలేది మూడంటే మూడు వోల్టులు.

మీ కొలతలను లెక్కతో సరిచూద్దాం. ఎండలో 3 కిలోవాట్ల ప్యానెళ్లు 2.5 కిలోవాట్లు ఇస్తున్నాయనీ, ఇంట్లో అర కిలోవాటు వాడుతున్నారనీ అనుకుంటే లైనులోకి వెళ్లేది 2 కిలోవాట్లు, అంటే 8 ఆంపియర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ 40 మీటర్లు, రాకకూ పోకకూ కలిపి 80 మీటర్లు. దాని నిరోధం 0.56 ఓములు. 8 ఆంపియర్లతో గుణిస్తే 4.5 వోల్టులు. మీరు స్తంభానికీ మీటరుకూ మధ్య చూసిన తేడా ఇదే. వీధిలైనులోని వీజల్ రకం తీగకు కిలోమీటరుకు 0.9 ఓములు, 300 మీటర్ల దూరానికి ఫేజు, న్యూట్రల్ కలిపితే 0.54. అందులో మరో 4.3 వోల్టులు. మొత్తం 8.8. ఇన్వర్టర్ ఆపితే ఉన్న 246కు ఇది కలిపితే 254.8.

అంటే మీ వల్ల పెరుగుతున్న వోల్టేజిలో సగానికి పైగా ఆ సన్నని సర్వీసు వైరులోనే పెరుగుతోంది. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయిస్తే 4.5 కాస్తా 1.8కి దిగుతుంది. పనిలో పనిగా స్తంభం దగ్గర తీగను ఊరికే మెలేసి వదిలారా, క్లాంపు బిగించారా చూడమనండి. మెలేసిన జాయింటు ఎండకూ వానకూ తుప్పు పట్టి, తానే ఒక నిరోధంగా తయారవుతుంది. ఈ పనులు లైన్‌మన్ సరఫరా ఆపి చేయవలసినవి. మీరుగాని మీ మిస్త్రీగాని స్తంభం ఎక్కవద్దు.

రెండో పని నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది. మీ అయిదు ఇళ్లలో ఎన్ని ఒకే ఫేజు మీద ఉన్నాయో కనుక్కోండి. సర్వీసు ఇచ్చేటప్పుడు స్తంభం మీద ఏ తీగ చేతికి దగ్గరగా ఉంటే దానికే తగిలించడం పాత అలవాటు. కొంత విద్యుత్తును ఒకే ఫేజులోకి తోస్తే ఫేజు తీగలోనూ న్యూట్రల్‌లోనూ పూర్తిగా పెరుగుదల వస్తుంది. అంతే విద్యుత్తును మూడు ఫేజులకూ సమంగా పంచితే ఒక్కో తీగలో మూడో వంతే పోతుంది, న్యూట్రల్‌లో దాదాపు ఏమీ పోదు. కనుక పెరుగుదల ఆరో వంతుకు దిగుతుంది. కొత్త తీగ, కొత్త పరికరం ఏదీ కొనకుండా రెండు ఇళ్ల సర్వీసులను మరో ఫేజుకు మార్చడంతో వచ్చే లాభం ఇది.

ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపు (అది ఇచ్చే వోల్టేజిని మెట్లవారీగా మార్చే ఏర్పాటు) మార్చమని కొందరు సలహా ఇస్తారు. మీ 160 కేవీఏకు ట్యాపులు ఉంటాయి. 100 కేవీఏ, అంతకు తక్కువ వాటిలో చాలావాటికి ఉండవు. ఒక మెట్టు 2.5 శాతం, అంటే మీకు ఆరు వోల్టులు. కాని అది సరఫరా ఆపి మార్చవలసిన ట్యాపు. మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి పెట్టడం కుదరదు. పగలు ఆరు తగ్గిస్తే మీ రాత్రి 221 కూడా 215 అవుతుంది. ముందు పై రెండూ చేయించి, ఆ తరవాతే దాని గురించి ఆలోచించండి.

జవాబు 2 (అడిలైడ్ నుంచి ఒక తెలుగు ఇంజినీరు)

ఏడీఈగారి లెక్కలకు చేర్చవలసింది లేదు. ఇన్వర్టర్ వైపు నుంచి కొంత చెబుతాను. నేను పనిచేస్తున్న దక్షిణ ఆస్ట్రేలియాలో మూడు ఇళ్లలో ఒకటికి మించి సోలార్ ఉంది. మీ వీధిలో ఇప్పుడు మొదలైన కథ మాకు చాలా ఏళ్ల కిందటే మొదలైంది.

హద్దు దాటేదాకా పూర్తిగా పనిచేసి, దాటగానే పూర్తిగా ఆగడం ఇన్వర్టర్‌కు తెలిసిన అతి మోటు పద్ధతి. ఒక వీధిలో ఇన్వర్టర్లన్నీ అలాగే ఉంటే, అన్నీ ఒకసారే ఆగి, వోల్టేజి దిగి, నిమిషం తరవాత అన్నీ ఒకసారే కలిసి, వోల్టేజి మళ్లీ ఎక్కుతుంది. మీరూ మీ పక్కింటివారూ కలిసి ఊగుతున్న ఊయల అదే. దీనికి బదులుగా ఇక్కడ 2021 డిసెంబరు నుంచి కొత్త ఇన్వర్టర్లన్నిటికీ రెండు స్వభావాలను తప్పనిసరి చేశారు. మొదటిది వోల్ట్-వార్: వోల్టేజి 240 దాటినప్పటి నుంచి ఇన్వర్టర్ లైను నుంచి రియాక్టివ్ పవర్‌ను (పని చేయకుండా లైనులో అటూ ఇటూ ఊగే విద్యుత్తును) పీల్చుకోవడం మొదలుపెట్టి, 258 చేరేసరికి తన సామర్థ్యంలో 60 శాతం వరకూ పీల్చుకుంటుంది. రెండోది వోల్ట్-వాట్: 253 దాటినప్పటి నుంచి ఉత్పత్తిని మెల్లగా తగ్గించుకుంటూ 260 దగ్గర 20 శాతానికి దిగుతుంది. మీటరు దగ్గర 255 ఉంటే మీ ఇన్వర్టర్ ఇప్పుడు సున్నా ఇస్తోంది. ఈ గీత ప్రకారం నడిస్తే 77 శాతం దాకా ఇవ్వవచ్చు. నిజానికి ఉత్పత్తి కాస్త తగ్గగానే వోల్టేజి కూడా దిగుతుంది కనుక, అది మధ్యలో ఒక చోట తనంతట తానే కుదురుకుంటుంది.

అమెరికాలోని ఇంజినీర్ల సంఘం ఐట్రిపుల్‌ఈ తెచ్చిన 1547 ప్రమాణంలో వచ్చిన మార్పు ఈ విషయంలో చాలా తెలియజేస్తుంది. 2003 నాటి ప్రతి ప్రకారం చిన్న ఉత్పత్తిదారులు వోల్టేజిని నియంత్రించడానికి ప్రయత్నించనేకూడదు. అది లైను యజమాని పని. 2018 నాటి ప్రతి వచ్చేసరికి ఆ సామర్థ్యం ఇన్వర్టర్‌లో ఉండి తీరాలన్నారు. పదిహేనేళ్లలో నిషేధం కాస్తా విధిగా మారింది.

అయితే వోల్ట్-వార్ మీద మీ ఇంటి మట్టుకు పెద్ద ఆశ పెట్టుకోవద్దు. వోల్టేజి పెరుగుదలలో రెండు పాళ్లు ఉంటాయి: మామూలు విద్యుత్తును తీగ నిరోధంతో గుణిస్తే వచ్చేది ఒకటి, రియాక్టివ్ పవర్‌ను తీగ రియాక్టెన్సుతో (తీగ అయస్కాంత ప్రభావం వల్ల కరెంటుకు కలిగే అడ్డుతో) గుణిస్తే వచ్చేది మరొకటి. వీధిలైను తీగకు నిరోధం 0.9 ఉంటే రియాక్టెన్సు 0.35 మాత్రమే, సర్వీసు వైరులోనైతే రియాక్టెన్సు లేనట్టే లెక్క. మీరు పవర్ ఫ్యాక్టర్‌ను (మొత్తంలో పని చేసే విద్యుత్తు పాలును) 0.9కి దించి దాదాపు 1 కిలోవార్ రియాక్టివ్ పవర్ పీల్చుకున్నా తగ్గేది 0.8 వోల్టు. పెరిగింది 8.8. పెద్ద తీగల నెట్‌వర్కుల్లో, 11 కేవీ స్థాయిలో, పదుల ఇన్వర్టర్లు కలిసి ఒకే ట్రాన్స్‌ఫార్మర్ రియాక్టెన్సు గుండా పీల్చుకున్నప్పుడు దానికి బలం వస్తుంది.

కనుక బిగించినవారిని అడగవలసిన ప్రశ్న వేరు. ఇన్వర్టర్‌లో ఏ దేశపు అమరిక ఎంచుకున్నారు, వోల్ట్-వాట్ సదుపాయం అందులో ఉందా, దాన్ని మీ విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతితో పనిచేయించగలరా అని రాతపూర్వకంగా అడగండి. మీ అంతట మీరు అమరికలు మార్చవద్దు.

ఒక సంగతి నన్ను ఇక్కడా బాధిస్తుంది, మీ ఉత్తరం చదివాక మళ్లీ బాధించింది. వోల్ట్-వాట్ ఎంత మంచిదైనా లైను చివరి ఇంటివారి ఉత్పత్తినే ముందుగా కోస్తుంది. అవే ప్యానెళ్లు, అదే ఎండ, అదే బ్యాంకు వాయిదా; ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్నవారికి పూర్తి యూనిట్లు, మీకు తరుగు. చివరి ఇంటివారిని ఇన్వర్టర్ అమరికతో సరిపెట్టుకోమని చెప్పి పంపిణీ సంస్థ తన లైనును అలాగే వదిలేయడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

జవాబు 3 (సబ్‌స్టేషన్ ఇంజినీరు)

పై ఇద్దరూ వీధి వరకే చూశారు. 246 అన్న అంకె నన్ను సబ్‌స్టేషన్ వైపు చూడమంటోంది. రైతుగారి ఇన్వర్టర్ ఆపినా లైను చివర 246 ఉందంటే, మిగిలిన నాలుగు ఇళ్ల ప్రభావం పోను, పైనుంచి వచ్చే 11 కేవీ కూడా మధ్యాహ్నం ఎత్తుగానే ఉండి ఉండవచ్చు.

దానికి మామూలుగా రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి కెపాసిటర్ బ్యాంకు, అంటే రియాక్టివ్ పవర్‌ను అందించే పరికరాల వరస. 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో 11 కేవీ బస్సు (లైన్లన్నీ వచ్చి కలిసే లోహపు కడ్డీ) మీద పెట్టిన కెపాసిటర్లు వ్యవసాయ మోటార్ల రియాక్టివ్ పవర్‌ను భరించడానికి ఉద్దేశించినవి. మోటార్లు నడిచేటప్పుడు అవి ఎంతో మేలు చేస్తాయి. ఎండాకాలం పొలాల్లో పంట లేక మోటార్లు ఆగిన రోజుల్లో కూడా వాటిని లైనులో ఉంచేస్తే, ఉన్న వోల్టేజిని ఇంకా పైకి లేపుతాయి. షిఫ్టు ఆపరేటరు బ్రేకర్ తీయడంతో తీరిపోయే సమస్య ఇది. అయినా ఎన్నో చోట్ల ఏడాది పొడవునా అవి అలాగే ఉండిపోతాయి.

రెండోది ట్యాపు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు లోడు మీదనే మారే ట్యాపు ఉంటే దాన్ని నడిపే రిలే అమరికను ఒకసారి చూడాలి. కొన్నిటిలో లోడు పెరిగేకొద్దీ వోల్టేజిని పెంచి, దూరపు ఊళ్ల తరుగుదలను ముందే పూడ్చే ఏర్పాటు ఉంటుంది. ఒక ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే 11 కేవీ లైను) మీద సోలార్ కేంద్రం ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ గుండా పోయే కరెంటు తగ్గుతుంది. రిలే దాన్ని లోడు తగ్గినట్టుగా అర్థం చేసుకుని ట్యాపును దించుతుంది. సోలార్ ఉన్న ఫీడర్ చివర ఇంకా హై వోల్టేజి, సోలార్ లేని పక్క ఫీడర్ చివర లో వోల్టేజి, రెండూ ఒకే సమయంలో వస్తాయి. ఒక ట్యాపుతో రెండు ఫీడర్లకూ సమాధానం చెప్పలేని పరిస్థితి అది. మబ్బులు కదిలే రోజున మరో తలనొప్పి: ఎండ వచ్చిపోయినప్పుడల్లా ట్యాపు ఎక్కి దిగుతూ అరిగిపోతుంది, రిలే ఆలస్యాన్ని పెంచితే అరుగుదల తగ్గుతుంది, ఈలోగా వోల్టేజి మాత్రం హద్దు దాటి ఉంటుంది.

పీఎం కుసుమ్ పథకంలో రైతులు, సహకార సంఘాలు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా కేంద్రాలు పెట్టుకోవచ్చు కనుక, ఆ ఆలోచన ఉన్నవారి కోసం ఒక లెక్క రాస్తున్నాను. 11 కేవీ లైన్లకు వాడే రాబిట్ రకం తీగకు కిలోమీటరుకు 0.54 ఓములు. 2 మెగావాట్లను సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల దూరంలో, లోడు లేని 11 కేవీ లైను చివర కలిపితే, పెరుగుదల సుమారు 490 వోల్టులు, అంటే నాలుగున్నర శాతం. పవర్ ఫ్యాక్టర్ 0.9 దగ్గర రియాక్టివ్ పవర్ పీలిస్తే అందులో 150 వోల్టుల పైచిలుకు తగ్గించవచ్చు. అడిలైడ్ మిత్రులు చెప్పినట్టు వోల్ట్-వార్‌కు ఈ స్థాయిలో నిజమైన బలం ఉంది. అదే కేంద్రానికి సబ్‌స్టేషన్ దాకా ప్రత్యేక లైను వేసి నేరుగా బస్సుకు కలిపితే ఊళ్ల మీద ఈ భారం పడదు. ఖర్చు ఎక్కువే. అయినా అదే మేలని నేను చెబుతాను.

ఇంకొక్క మాట. మధ్యాహ్నపు సోలార్ కరెంటును తాగగలిగే మోటార్లు మన పల్లెల్లో బోలెడున్నాయి. కాని వ్యవసాయ ఫీడర్లను గృహ ఫీడర్ల నుంచి విడదీశాక, ఇళ్ల సోలార్ ఒక ఫీడర్ మీద, పొలాల మోటార్లు మరో ఫీడర్ మీద ఉండి, రెండూ సబ్‌స్టేషన్ బస్సు దగ్గర తప్ప కలుసుకోవు. అక్కడిదాకా చేరే దారిలోనే వీధి వోల్టేజి పెరిగిపోతోంది. విడదీయడం వేరే మంచి కారణాలతో చేసిన పని, దాన్ని తప్పుపట్టను. ఈ ఫలితం ఒకటి దాని వెంట వచ్చింది.

రైతుగారూ, మీ ఏఈగారికి (అసిస్టెంట్ ఇంజినీరుకు) అర్జీ పెట్టేటప్పుడు కరెంటు బాగాలేదు అని ఒక్క వాక్యం రాయకండి. తేదీ, గంట, స్తంభం నంబరు, ఇన్వర్టర్ ఆపినప్పుడూ నడిచేటప్పుడూ వోల్టేజి, రాత్రి వోల్టేజి పట్టికగా రాయండి. మీది స్మార్ట్ మీటరు అయితే అందులో వోల్టేజి నమోదు ఉంటుంది, దాన్ని కూడా తీయించమని అడగండి. అంకెలున్న అర్జీని పక్కన పెట్టడం ఎవరికైనా కష్టం.

డెల్టా రైతు (మూడు వారాల తరవాత)

మీ ముగ్గురికీ మా వీధి తరఫున నమస్కారాలు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పట్టిక రాసి అర్జీ ఇచ్చిన తొమ్మిదో రోజున లైన్‌మన్ వచ్చి చూశారు. అయిదు సోలార్ ఇళ్లలో నాలుగు ఆర్ ఫేజు మీదే ఉన్నాయి. సరఫరా ఆపి, రెండు ఇళ్లను వై, బీ ఫేజులకు ఒక్కొక్కటిగా మార్చారు. మా స్తంభం మీద న్యూట్రల్ జాయింటు ఏడీఈగారు అనుమానించినట్టే మెలేసి ఉంది. విప్పితే తెల్లటి పొడి రాలింది. దాన్ని శుభ్రం చేసి క్లాంపు బిగించారు. సర్వీసు వైరును నా ఖర్చుతో 10 చదరపు మిల్లీమీటర్లకు మార్పించాను.

మొన్న ఆదివారం మళ్లీ అదే కుర్చీలో, అదే వేళకు కూర్చున్నాను. మీటరు దగ్గర 247, 248 మధ్య ఆడింది, ఒక్కసారి 250 తాకింది. పదకొండు నుంచి రెండు దాకా ఇన్వర్టర్ ఒక్కసారి కూడా ఆగలేదు. రాత్రి పది గంటలకు 221 ఉండే చోట 225 వస్తోంది. పగటి జబ్బుకు చేసిన వైద్యం రాత్రికి కూడా పనికొస్తుందని నేను అనుకోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపు ముట్టుకోలేదు. కెపాసిటర్ల సంగతి సబ్‌స్టేషన్‌లో అడిగాను, చూస్తామన్నారు.

ఒక సందేహం మిగిలింది. మా వీధిలో మరో ఆరుగురు సోలార్‌కు దరఖాస్తు పెట్టారు. వాళ్లవి కూడా వచ్చాక మళ్లీ మొదటికి వస్తుందా?

విశ్రాంత ఏడీఈ

రాత్రి వోల్టేజి పెరగడం సహజమే. తీగలో నిరోధం తగ్గితే కరెంటు ఏ దిశలో పోయినా లాభమే, ఫేజులు సమంగా ఉంటే రాత్రి లోడుకూ అంతే మేలు.

ఆరుగురి సంగతికి వస్తే, ఫేజుకు ఇద్దరిని చొప్పున కలిపితే మీ లైను ఇంకొంత కాలం తట్టుకుంటుంది. కాని అందరూ లైను చివర్లోనే ఉంటే వీజల్ తీగ చాలదు. అప్పుడు పెద్ద తీగ వేయడమో, వీధి మధ్యలో మరో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 300 మీటర్ల లైనును రెండుగా కోయడమో తప్పదు. జర్మనీలో ఇలాంటి చోట్ల లోడు మీదనే ట్యాపు మారే వీధి ట్రాన్స్‌ఫార్మర్లు కూడా పెడుతున్నారు. ఆ ఆరుగురి దరఖాస్తులు మంజూరు కాకముందే, ఎవరిది ఏ స్తంభం, ఏ ఫేజు అన్నది ఒక కాగితం మీద గీసి ఏఈగారికి ఇవ్వండి. మీటర్లు బిగించాక మార్చడం కంటే బిగించేటప్పుడే సరైన తీగకు కలపడం వాళ్లకూ తేలిక.